క్రూజ్‌లో ఉన్న కారు ఆగి ఉన్న లారీని పట్టించుకోలేదు, ఖాళీ రోడ్డు మీద మాత్రం బ్రేకు వేసింది: ఎందుకు?

ప్రశ్న

అందరికీ నమస్కారం. నేను కారు నడపడం మొదలుపెట్టి పదహారేళ్లయింది. ఢీకొనే ప్రమాదం వస్తే దానంతటదే బ్రేకు వేసే ఆటోమేటిక్ ఎమర్జెన్సీ బ్రేకింగ్, ముందు వాహనాన్ని బట్టి వేగం సర్దుకునే అడాప్టివ్ క్రూజ్ కంట్రోల్ రెండూ ఉన్న కారు కొని పద్నాలుగు నెలలవుతోంది. ఈ పద్నాలుగు నెలల్లో జరిగిన రెండు సంఘటనలకు ఒకదానితో ఒకటి పొంతన కుదరడం లేదు. ఈ సదుపాయాలను నాకంటే ఎక్కువ కాలంగా వాడుతున్నవారిని అడిగి తెలుసుకోవాలని రాస్తున్నాను.

మొదటిది పట్టపగలు, పొడిగా ఉన్న రోడ్డు మీద జరిగింది. క్రూజ్‌ను గంటకు 100 కిలోమీటర్లకు పెట్టాను. ముందున్న పెద్ద వ్యాను 90 దగ్గరే వెళుతుండడంతో నా కారు కూడా వేగం తగ్గించుకుని దాని వెనకే సాగుతోంది. వ్యాను ఎత్తుగా ఉన్నందువల్ల దాని ముందు ఏముందో నాకు కనిపించడం లేదు. ఉన్నట్టుండి వ్యాను పక్క లేన్‌లోకి తప్పుకుంది. చూస్తే నా లేన్‌లోనే, నాలుగు ఇండికేటర్లూ వెలిగి ఆరుతూ, ఒక లారీ ఆగి ఉంది. డాష్‌బోర్డు మీద ముందు వాహనానికి గుర్తుగా కనిపించే చిన్న కారు బొమ్మ మాయమైంది. వేగం తగ్గలేదు సరికదా, ఇంజను శబ్దం పెరగడం నాకు స్పష్టంగా వినిపించింది. నేను బ్రేకును అడుగంటా తొక్కాను. హెచ్చరిక మోత ఆ తర్వాతే వచ్చింది. కారు ఆగేసరికి లారీకీ నాకూ మధ్య ఇంకొక కారు పట్టేంత చోటు మాత్రమే మిగిలింది.

రెండవది అది జరిగిన మూడు వారాలకు. చిన్న దిగుడు దిగి ఒక వంతెన కిందుగా వెళ్లే రోడ్డు మీద, ముందు ఏ వాహనమూ లేదు. వంతెన ఇంకా కొంత దూరం ఉందనగా కారు దానంతటదే బలంగా బ్రేకు వేసి, అర సెకను తర్వాత వదిలేసింది. వెనుక సీటులో ఉన్న మా అమ్మగారి భుజం సీటు బెల్టు ఒరుసుకుని కమిలిపోయింది. మా వెనుక కారతను పక్కకు తప్పుకోబట్టి సరిపోయింది.

సర్వీసు సెంటరువారు కంప్యూటరు తగిలించి చూసి, లోపమేదీ నమోదు కాలేదని చెప్పి పంపించారు. ఎదురుగా ఉన్న లారీని చూడలేనిది, లేని అడ్డాన్ని ఎలా చూసింది? దీన్ని వాడుతూ ఉండాలా, పూర్తిగా ఆపేయాలా? దయచేసి అనుభవంతో చెప్పగలరు.

జవాబు 1

నమస్కారమండీ. కార్ల రాడార్, కెమెరా సెన్సర్లను సరిచూసి సర్దే పనిలో నేను తొమ్మిదేళ్లుగా ఉన్నాను. మీ అమ్మగారికి అంతకు మించి దెబ్బ తగలనందుకు సంతోషం. మీరు పొంతన లేదంటున్న రెండు సంఘటనలూ నిజానికి ఒకే త్రాసుకు రెండు తట్టల వంటివి. ఎందుకో కాస్త వివరంగా రాస్తాను.

మీ కారులో ఉన్నవి రెండు వేర్వేరు వ్యవస్థలు. చూసే కళ్లు రెండింటికీ ఒకటే అయినా, చేసే పని వేరు. అడాప్టివ్ క్రూజ్ అనేది సౌకర్యం కోసం. ముందు వాహనంతో దూరం నిలబెట్టడం దాని పని, అందుకే అది వేసే బ్రేకుకు హద్దు ఉంటుంది. అడాప్టివ్ క్రూజ్‌కు ఉన్న అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్‌ఓ 15622 ప్రకారం హైవే వేగాల్లో అది ఒక్కో సెకనులో గంటకు సుమారు 12.6 కిలోమీటర్ల వేగాన్ని మించి తగ్గించకూడదు. మంచి టైర్లతో పొడి రోడ్డు మీద మీరు పూర్తిగా బ్రేకు తొక్కితే ఒక్కో సెకనులో గంటకు 32 కిలోమీటర్ల దాకా వేగం తగ్గుతుంది. 90 వేగం నుంచి ఆగడానికి క్రూజ్ ఒక్కదానికే దాదాపు 89 మీటర్లు కావాలి, పూర్తి బ్రేకుకు 35 మీటర్లు చాలు. అంటే ఆ లారీని క్రూజ్ తొలి క్షణంలోనే గుర్తించి ఉన్నా, వ్యాను అంత ఆలస్యంగా తప్పుకున్నాక దాని బ్రేకు మీకు సరిపోయేది కాదు. ఎమర్జెన్సీ బ్రేకింగ్ పూర్తి బలంతోనే పడుతుంది, కానీ ఢీకొనడం దాదాపు ఖాయమని తేలేదాకా, సాధారణంగా చివరి ఒకటి ఒకటిన్నర సెకన్ల దాకా, ఆగుతుంది. మీరు అంతకు ముందే తొక్కారు కాబట్టి దాని వంతు రాలేదు.

ఇక చూపు సంగతి. ఇప్పటి కార్ల రాడార్లు ఎక్కువగా 77 గిగాహెర్ట్జ్ ప్రాంతంలోని రేడియో తరంగాలతో పనిచేస్తాయి. ఎదుటి వస్తువు ఎంత దూరంలో ఉంది, మనతో పోలిస్తే ఎంత వేగంతో దగ్గరవుతోంది అనే రెండింటినీ అవి చాలా కచ్చితంగా చెబుతాయి. ఆ వస్తువు ఎంత ఎత్తులో ఉంది అనేది మాత్రం చాలా రాడార్లకు సరిగా తెలియదు. మీరు 90లో వెళుతుంటే వంతెన, దారి చూపే బోర్డు, రోడ్డు పక్క ఇనుప కమ్మీ, ఆగి ఉన్న లారీ, అన్నీ 90లోనే మీ మీదికి వస్తున్నట్టు దానికి కనిపిస్తాయి. ప్రతి వంతెనకూ బ్రేకు వేస్తే కారు నడపలేం. అందుకే చాలా వ్యవస్థలు మొదటినుంచీ కదలకుండా ఉన్న వస్తువులను ఎక్కువ వేగంలో లెక్కలోంచి తీసేస్తాయి, లేదా కెమెరా కూడా అవునంటేనే నమ్ముతాయి. వ్యాను తప్పుకున్న ఆ రెండు సెకన్లలో లారీని వాహనంగా తేల్చుకునే వ్యవధి కెమెరాకు దొరకలేదు. ఈలోగా క్రూజ్‌కు తోచింది ఒక్కటే: ముందు దారి ఖాళీ అయింది, మనం 90లో ఉన్నాం, పెట్టిన వేగం 100. ఇంజను శబ్దం పెరిగింది అందుకే.

వంతెన దగ్గర తట్ట అటువైపు మొగ్గింది. దిగుడు దిగుతూ చూస్తే వంతెన సరిగ్గా కారు ఎదుట అడ్డం నిలబడినట్టు కనిపిస్తుంది. నీడ కూడా తోడైతే కెమెరా సైతం పొరబడుతుంది. బ్రేకు వేయడానికి ఎంత నమ్మకం కుదరాలనే గడప ఎత్తు పెంచితే ఇటువంటి బ్రేకులు తగ్గి, లారీలు తప్పిపోవడం ఎక్కువవుతుంది, దించితే దానికి తలకిందులు. ఆగి ఉన్న వాహనాలను గుర్తించలేకపోవచ్చునని మీ కారు మాన్యువల్‌లోనే హెచ్చరిక ఉండి ఉంటుంది, ఒకసారి చూడండి.

మీరు రెండు విషయాలు రాయలేదు. గ్యాప్, అంటే ముందు వాహనానికి క్రూజ్ వదిలే దూరం, ఎంతకు పెట్టారు? ముందు బంపరుకు ఎప్పుడైనా మరమ్మతు జరిగిందా?

జవాబు 2

వృత్తిరీత్యా నెలకు ఐదారు వేల కిలోమీటర్లు నడుపుతాను, నాలుగేళ్లుగా అడాప్టివ్ క్రూజ్ వాడుతున్నాను. పైవారు చెప్పిన లెక్కలు నాకు తెలియవు గానీ, మీ లారీ వంటి గండం నాకూ ఒకసారి తప్పింది. అప్పటినుంచి నా అలవాటు ఒక్కటే: ముందు కనిపించకుండా అడ్డం నిలిచే వాహనం వెనుక క్రూజ్‌లో ఉండను. లేన్ మారతాను, వీలుకాకపోతే క్రూజ్ తీసేసి వెనక్కి జరుగుతాను. మన కళ్లు ముందు వాహనాన్ని దాటి దాని ముందు వాహనాన్ని చూడగలవు, అక్కడ బ్రేకు లైటు వెలగగానే పాదం సిద్ధమవుతుంది. నా కారుకు ఆ చూపు లేదు.

నన్ను అంతకంటే ఎక్కువ భయపెట్టింది హైవే దిగే వంపు. 110కి పెట్టి, ముందున్న బస్సు వల్ల 80లో వెళుతున్నాను. నేను దిగాల్సిన చోటు రాగానే బస్సు నేరుగా వెళ్లిపోయింది, నేను వంపులోకి తిరిగాను. ముందు ఎవరూ లేరని కారు 110 కోసం పరుగందుకుంది. గుండ్రంగా తిరిగే ఆ వంపులో స్టీరింగ్ పట్టుకున్న నా చేతులకు చెమట పట్టింది. ఇప్పుడు దిగేదారి బోర్డు కనిపించగానే బొటనవేలు క్యాన్సిల్ బటన్ మీదికి వెళుతుంది. రెజ్యూమ్ బటన్‌తో కూడా ఇదే ప్రమాదం ఉంది. గంట క్రితం హైవే మీద పెట్టిన వేగం దానికి గుర్తుంటుంది, ఇప్పుడున్న సన్న రోడ్డు సంగతి దానికి తెలియదు.

లేన్ అంచున వెళ్లే మోటారుసైకిళ్లను నా కారు చాలాసార్లు ఆలస్యంగా గుర్తించింది. వంపుల్లో పక్క లేన్ లారీని నా ముందున్నదిగా భావించి వేగం తగ్గించింది. ఇంకొకటి చాలామందికి తెలియదు: క్రూజ్‌లో ఉండగా పాదం యాక్సిలరేటర్ మీద ఆనించి ఉంచితే కారు దాన్ని మన ఆజ్ఞగా తీసుకుంటుంది, ముందు వాహనం నెమ్మదించినా బ్రేకు వేయదు. అలసిన కాలు తెలియకుండానే పెడల్ మీద వాలుతుంది కాబట్టి దీన్ని ప్రత్యేకంగా చెబుతున్నాను.

జవాబు 3

ఆపేయాలా అని అడిగారు కనుక దానికి మాత్రమే జవాబు చెబుతాను. క్రూజ్ వాడాలా వద్దా అనేది మీ ఇష్టం. ఎమర్జెన్సీ బ్రేకింగ్‌ను మాత్రం దయచేసి ఆపకండి.

నెమ్మదిగా కదులుతున్న ట్రాఫిక్‌లో పక్క అద్దంలోకి చూస్తూ లేన్ మారే సందు వెతుకుతున్నాను. ముందు కారు ఆగిందని నాకు తెలియదు. బ్రేకు పెడల్ నా పాదం కింద లేకుండానే లోపలికి పోయింది, అడుగున గరగరమని అదిరింది, కారు నిలిచిపోయింది. దిగి చూస్తే రెండు బంపర్ల మధ్య జానెడు సందు ఉంది. ఆ జానెడు నాది కాదు.

ఇది నా ఒక్కరి అదృష్టం కాదు. ముందు వాహనాన్ని వెనుక నుంచి ఢీకొట్టే ప్రమాదాలు ఈ వ్యవస్థ ఉన్న కార్లలో దాదాపు సగానికి తగ్గినట్టు అమెరికాలోని ఇన్సూరెన్స్ ఇన్‌స్టిట్యూట్ ఫర్ హైవే సేఫ్టీ పరిశోధనలో తేలింది. 2008లో వోల్వో కార్లలో సిటీ సేఫ్టీ పేరుతో ఇటువంటి బ్రేకింగ్ వచ్చినప్పుడు అది గంటకు 30 కిలోమీటర్ల లోపు వేగంలోనే పనిచేసేది. 2024 జులై నుంచి యూరోపియన్ యూనియన్‌లో అమ్మే ప్రతి కొత్త కారుకూ అత్యవసర బ్రేకింగ్ తప్పనిసరి. పదహారేళ్లలో ఇంత దూరం వచ్చింది.

అయితే చీకటి విషయంలో జాగ్రత్త. అదే సంస్థ అధ్యయనంలో, పాదచారులను గుర్తించే బ్రేకింగ్ ఉన్న కార్లు మనుషులను ఢీకొట్టడం మొత్తం మీద 27 శాతం తగ్గినా, వీధి దీపాలు లేని చీకటిలో తేడా ఏమీ కనిపించలేదు. అమెరికా 2024లో ఖరారు చేసిన నియమంలో పగలూ రాత్రీ రెండింటా పాదచారిని గుర్తించాలని ప్రత్యేకంగా పెట్టారు. ఇప్పుడు మన దగ్గరున్న కారు ఆ నియమానికి ముందుదే అయి ఉంటుంది కాబట్టి, రాత్రిపూట ఆ భారం కారు మోస్తుందని అనుకోవద్దు.

జవాబు 4

ఒక చిన్న చేర్పు. ముందు అద్దం పగిలితే మార్పించాను. కెమెరాను తిరిగి క్యాలిబ్రేట్ చేయాలని, అంటే సరిచూసి సర్దాలని, అద్దం వేసినవారు చెప్పలేదు, అడగాలని నాకూ తెలియదు. రెండు నెలలపాటు పక్క లేన్ కార్లకు బ్రేకులు పడ్డాయి. హెచ్చరిక దీపం ఒక్కసారి కూడా వెలగలేదు. దీపం వెలగలేదంటే అంతా సరిగా ఉందని అర్థం కాదు.

ప్రశ్న అడిగినవారి నుంచి

ఇంత ఓపికగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. గ్యాప్ అన్నిటికంటే చిన్నదానికి పెట్టి ఉంది. మధ్యలోకి వేరే కార్లు దూరుతున్నాయని విసిగి నేనే తగ్గించాను. బంపరు విషయం చదివి ఉలిక్కిపడ్డాను. లారీ సంఘటన జరిగిన పది రోజులకు పార్కింగ్‌లో ఎవరో తగిలించి పోతే, పుట్టీ పెట్టి రంగు వేయించాను. దాని ప్రభావం ఉంటుందా?

జవాబు 1 రాసినవారి నుంచి

తప్పకుండా ఉండవచ్చు. చాలా కార్లలో రాడార్ ఆ బంపరు వెనకో, ముందున్న చిహ్నం వెనకో ఉంటుంది. దాని ముందు పుట్టీ, లోహపు పొడి కలిసిన రంగు మందంగా పడితే కిరణాలు బలహీనపడతాయి. తగిలిన దెబ్బకు బిగింపు కాస్త ఒరిగినా చాలు, సెన్సర్ ఒక్క డిగ్రీ పైకి తిరిగితే నూరు మీటర్ల దూరంలో దాని చూపు దాదాపు 1.75 మీటర్లు పైకి లేస్తుంది. మీ వంతెనకు అది కారణం కావచ్చు. లారీకి మాత్రం కాదు, అది బంపరు దెబ్బకు ముందే జరిగింది. క్యాలిబ్రేషన్ చేయించి, ముందు కొలత, తర్వాత కొలత రెండూ కాగితం మీద అడిగి తీసుకోండి. చిన్న గ్యాప్ అంటే సాధారణంగా ఒక సెకను చిల్లర, 90లో సుమారు 25 నుంచి 30 మీటర్లు. మీరు ఆ లారీ ముందు ఆగగలిగారంటే మీ కాలు చాలా చురుకుగా కదిలిందన్నమాట.

ప్రశ్న అడిగినవారి నుంచి, మూడు వారాల తర్వాత

కాగితం నా చేతిలో ఉంది. రాడార్ 1.4 డిగ్రీలు పైకి తిరిగి ఉందట. పుట్టీ గీకించి, ఆ భాగానికి పలచగా రంగు వేయించి, సెన్సర్ సర్దించాను. అదే వంతెన కిందుగా, అదే వేగంలో ఆరుసార్లు వెళ్లాను, రెండుసార్లు మధ్యాహ్నం నీడ బాగా పడే వేళకే వెళ్లాను. ఒక్కసారీ బ్రేకు పడలేదు. గ్యాప్‌ను రెండు సెకన్లకు పెంచాను. మధ్యలోకి కార్లు దూరుతూనే ఉన్నాయి, కారు వెనక్కి జరుగుతూనే ఉంది, ప్రయాణానికి అదనంగా పట్టిన సమయం నాకు లెక్కకు కూడా అందలేదు. నిన్న ఒక ఎత్తైన వ్యాను ముందుకు వచ్చింది, క్రూజ్ తీసేసి లేన్ మారాను. మా అమ్మగారు మళ్లీ వెనుక సీటులో కూర్చుంటున్నారు.