‘బిజినెస్‌మ్యాన్’ ఎక్కడ విరిగింది? ర్యాప్‌లో శ్లేష గురించి

ప్రశ్న:
ర్యాప్ పాటలకు అర్థాలు రాసుకుంటూ ఒకచోట ఆగిపోయాను. 2005లో వచ్చిన కాన్యే వెస్ట్ పాట ‘డైమండ్స్ ఫ్రమ్ సియెర్రా లియోన్’ రీమిక్స్‌లో జే-జీ అంటాడు: ‘ఐయామ్ నాట్ ఎ బిజినెస్‌మ్యాన్, ఐయామ్ ఎ బిజినెస్, మ్యాన్’. కాగితం మీద చూస్తే అన్నమాటే మళ్లీ అన్నట్టుంది. ఇందులో అంత మెచ్చుకోవాల్సింది ఏముంది? మన లెక్కలో ఇది శ్లేషేనా?

జవాబు:
చదివారు కాబట్టి చిక్కలేదు, వినండి. మొదటిది ఒకే మాట, వ్యాపారి. రెండోసారి ‘బిజినెస్’ దగ్గర విరిచాడు. మిగిలిన ‘మ్యాన్’ మనం వాక్యం చివర తగిలించే ‘రా’ లాంటి పిలుపు. ‘నేను వ్యాపారిని కాదు, వ్యాపారాన్నేరా!’ అని. మాటను విరిచి ఇంకో అర్థం లాగాడు కాబట్టి సభంగ శ్లేష అంటాను.

ఇంకొకరు:
చిన్న సవరణ అండీ. శ్లేషలో మాట ఒక్కసారే వస్తుంది, అర్థాలు రెండుంటాయి. ఇక్కడ అవే అక్షరాలు రెండుసార్లు వచ్చి, వచ్చినప్పుడల్లా వేరే అర్థం ఇచ్చాయి. ఇది యమకం. విరుపు ఉంది కాబట్టి సభంగ యమకం.

శ్లేషే కావాలంటే తెలుగులోనూ ఆ ‘రా’తోనే ఆడుకోవచ్చు. ‘ఇది పాటరా’ అనండి. ‘ఒరేయ్, ఇదీ పాటంటే’ అని ఒకటి. ‘ఇది పాట, రా!’ అని వేదిక మీదకు పిలవడం ఇంకొకటి. ఒక్కసారే అన్నారు, రెండూ వినిపించాయి. రాసేటప్పుడు మాత్రం కామా పెట్టాలో వద్దో తేల్చుకోక తప్పదు, తేల్చుకున్నారంటే చమత్కారం పోయినట్టే. పాటల సాహిత్యం అచ్చులో చప్పగా కనిపించడానికి సగం కారణం ఇదే.

మొదట జవాబిచ్చినవారు:
ఒప్పుకున్నాను, యమకమే. ఇంకో సంగతి. ఇంగ్లీషు ర్యాపర్‌కు ఉన్న ఒక వెసులుబాటు మనకు లేదు. ‘ఆరెంజ్’కు ప్రాస లేదని వాళ్లలో ఒక మాట ఉంది. ఎమినెమ్ 2010లో ఒక టీవీ ఇంటర్వ్యూలో అచ్చుల్ని వంచి, దాన్ని ‘డోర్ హింజ్’తో కలిపి చూపించాడు. వంచినా మాట మారలేదు. మనం అచ్చును సాగదీస్తే మాటే మారిపోతుంది. ‘పడతా’ను తాళం కోసం లాగారంటే ‘పాడతా’ అయి కూర్చుంటుంది. దాన్ని తప్పనుకోకుండా వాడుకునేవాడు గట్టివాడు: మొదటి పాదంలో ‘పడతా’, అదే తాళం మీద రెండో పాదంలో ‘పాడతా’.

ఒత్తుల విషయంలో మాత్రం మనకు కలిసొచ్చింది. ‘కథ’ను చాలామంది ‘కధ’ అనే పలుకుతారు. వేగంగా పాడితే ఆ ఒత్తు కూడా సరిగ్గా వినబడదు. ‘అంతే కద’ అన్నాడా, ‘అంతే కథ’ అన్నాడా? రెండూ రాసిపెట్టుకోండి.

ప్రశ్న అడిగినవారు:
‘రెండూ రాసిపెట్టుకోండి’ అన్న దగ్గరే నా భయం. 2009లో ‘ర్యాప్ ఎక్సెజీసిస్’ అని మొదలై, తర్వాత ‘ర్యాప్ జీనియస్’, ఇప్పుడు ‘జీనియస్’ అయిన సైట్‌లో ఒక్కో పాదానికి పేజీ పొడవు వ్యాఖ్యానం చూస్తుంటాను. అందులో పాట రాసినవాడు పెట్టిన అర్థం ఎంత, వ్యాఖ్యాత తెచ్చిపోసింది ఎంత?

ఇంకొకరు:
పాతవాళ్లు వాడిన గీటురాయి ఉంది కదా, అన్వయం. 16వ శతాబ్దంలో పింగళి సూరన ‘రాఘవపాండవీయం’లో రామాయణ, భారత కథలు రెండూ ఒకే పద్యాల్లో చెప్పాడు. ఎలా విరిచినా కర్త, కర్మ, క్రియ కుదరాలి. ఏదో ఒక మాట ఇంకో మాటలా వినబడినంత మాత్రాన శ్లేష కాదు, వాక్యం మొత్తం రెండో దారిలోనూ నడవాలి. ర్యాప్‌కూ ఇదే పెట్టి చూడండి, పేజీ పొడవు వ్యాఖ్యానాల్లో చాలావరకు రాలిపోతాయి. సూరన పాఠకుడికి ఆగి ఆలోచించే తీరిక ఉంది, ర్యాప్ వినేవాడికి తర్వాతి బార్ వచ్చి మీద పడుతుంది. అందుకే కాస్త సడలింపు ఇస్తాను, అంతే. (బార్ అంటే తాళంలో ఒక ఆవృత్తం, మామూలుగా నాలుగు దెబ్బలు. పదహారు బార్లు రాశాడంటే కంగారుపడకండి.)

ప్రశ్న అడిగినవారు:
సరే, నేనొకటి అల్లాను, మీ గీటురాయి మీద పెట్టండి:
‘అల లాగింది నావలనే’
నావలనే, పడవల్నే. నా వలనే, నా చేపల వలనే. నా వలనే, నా మూలంగానే. మూడు!

ఇంకొకరు:
రెండే. నావలైనా వలైనా ‘లాగింది’కి కర్మగా కుదిరాయి. మూడోదానిలో దేన్ని లాగింది? కర్మ లేదు. ‘నన్ను అల లాగింది’ అంటే మూడోది నిలబడుతుంది కానీ మొదటి రెండూ మునుగుతాయి.

ప్రశ్న అడిగినవారు:
అయితే ‘నన్ను’ను రెండు పాదాల మధ్య వేలాడదీస్తే?
‘ఒడ్డు వదిలింది నన్ను అల లాగింది నావలనే’
‘నన్ను’ తర్వాత ఆగితే: ఒడ్డు నన్ను వదిలింది, అల పడవల్నో వలనో లాగింది. ముందే ఆగితే: ఒడ్డు వదిలింది, నన్ను అల లాగింది, అదీ నా మూలంగానే.

ఇంకొకరు:
ఇప్పుడు మూడూ నిలబడ్డాయి. పాడేటప్పుడు మాత్రం ‘నన్ను’కు ముందూ వెనకా ఎక్కడా ఊపిరి తీసుకోకండి.