అటక మీది మారియో: ప్రతిసారీ మొదటి నుంచేనా?

దసరాకు హనుమకొండ వెళ్తే అటక మీద మా పాత వీడియోగేమ్, 1985 నాటి సూపర్ మారియో బ్రదర్స్ క్యాసెట్ దొరికాయి. పిన్నులు తుడిస్తే ఆడింది! చిన్నప్పుడు కరెంటు పోయి ఆట మొదటికొచ్చేది. ఇప్పుడు కరెంటుంది, వేళ్లలోనే చురుకు లేదు. నాలుగో ప్రపంచంలోనే ప్రాణాలన్నీ అయిపోతున్నాయి. మళ్లీ మొదటి నుంచి ఆడాల్సిందేనా?

జవాబు: అక్కర్లేదు. ఆట ముగిసి పేరు తెర రాగానే ఎ మీట నొక్కిపట్టి స్టార్ట్ నొక్కండి. ఓడిన ప్రపంచం మొదటి దశ నుంచి మొదలవుతుంది. పెట్టె మాత్రం ఆపకండి.

మరో జవాబు: 1-2 (మొదటి ప్రపంచం రెండో దశ) చివర పైకప్పు మీదుగా పరుగెత్తితే 2, 3, 4 ప్రపంచాలకు గొట్టాలుంటాయి. మా అన్నయ్య ఏడాదిపాటు నాకీ సంగతి చెప్పలేదు. ఆ కోపం ఇంకా పోలేదు.

అడిగినవారు: ఎ మీట పనిచేసింది! ఇప్పుడు 7-4లో తిరిగిన చోటే తిరుగుతున్నాను. అమ్మ భోజనానికి మూడుసార్లు పిలిచింది.