జార్జ్ మైకేల్ ‘ఫ్రీడమ్! ’90’: కంపెనీయే అమ్మిన పాట స్వేచ్ఛా గీతం ఎలా అవుతుంది?

రాగమాలిక:
కళాకారుడి స్వాతంత్ర్యం అనగానే అందరూ బ్రిటిష్ పాప్ గాయకుడు జార్జ్ మైకేల్ పాడిన ఈ పాట పేరే చెప్తారు. నాకు ఒప్పుకోబుద్ధి కావడం లేదు. 1990లో దీన్ని అమ్ముకున్నది అతని రికార్డు కంపెనీ సోనీయే. వీడియోలో తాను కనిపించనన్నాడు, బాగానే ఉంది. కానీ ఆ చోటులోకి సూపర్‌మోడల్స్ నవోమి క్యాంప్‌బెల్, సిండీ క్రాఫర్డ్, లిండా ఎవాంజెలిస్టా, క్రిస్టీ టర్లింగ్టన్, తత్యానా పాటిట్జ్ వచ్చారు. రెండేళ్లకు కాంట్రాక్ట్ నుంచి బయటపడాలని అదే సోనీ మీద కోర్టుకెళ్లి, 1994లో ఓడిపోయాడు. మరి ఏం గెలిచినట్టు?

వేణునాదం:
రాగమాలిక గారూ, ఆ వీడియోలో ఏవి నాశనమయ్యాయో ఒకసారి చూడండి. లెదర్ జాకెట్ తగలబడుతుంది. గిటార్, జ్యూక్‌బాక్స్ పేలిపోతాయి. 1987లో ‘ఫెయిత్’ వీడియోతో అతన్ని ప్రపంచమంతా గుర్తుపట్టింది ఆ మూడింటితోనే. అదే పేరున్న ఆల్బమ్ కోట్లలో అమ్ముడైంది. అంత లాభం తెచ్చిన వేషాన్ని తన చేతులతో తానే కాల్చేయడం చిన్న విషయమా? ఈ పాట ఉన్న కొత్త ఆల్బమ్ ‘లిజన్ వితౌట్ ప్రెజుడిస్’ అట్ట మీద కూడా అతని ఫొటో లేదు. న్యూయార్క్‌లోని కోనీ ఐలాండ్ బీచ్‌లో కిక్కిరిసిన జనాన్ని వీజీ అనే ఫొటోగ్రాఫర్ తీసిన పాత ఫొటో వేశారు. పాటలో కూడా వామ్ అనే పాప్ బృందంలో ఉన్న రోజుల్లో అమ్మాయిలు వెంటపడే కుర్రాడిగా ఉండటం గురించీ, ఇక ఆ బొమ్మగా ఉండలేననీ పాడతాడు. ఈ పాట అడిగే స్వేచ్ఛ ముఖం గురించి. ఆ స్వేచ్ఛ అతనికి ఆ వీడియోతోనే దక్కింది. కోర్టు తీర్పు దాన్ని వెనక్కి తీసుకోలేదు.

నల్లకోటు:
అంత తేలిగ్గా వదిలేయకండి. 1988లో కంపెనీతో కాంట్రాక్ట్ మళ్లీ రాసుకున్నప్పుడు అతను పెద్ద స్టార్, పక్కన మంచి లాయర్లున్నారు, డబ్బూ పెరిగింది. జడ్జి జొనాథన్ పార్కర్ తీర్పులో ముఖ్యమైన అంశాల్లో ఇదొకటి. డబ్బు తీసుకుని సంతకం పెట్టాక సంకెళ్లు అంటే ఎలా? ముఖం చూపించని గాయకుడి రికార్డు అమ్మడం కంపెనీకి కూడా కష్టమే.

వేణునాదం:
సంతకం పెట్టాడు, నిజమే. కానీ ఆ కాంట్రాక్ట్ ఎనిమిది ఆల్బమ్‌లకు, 2003 దాకా సాగగలదు. పాతికేళ్ల వయసులో రాసుకున్న కాగితం నలభై ఏళ్లు వచ్చేదాకా కట్టిపడేస్తుందన్నమాట. పైగా దాని వేళ్లు వామ్ మొదట్లో, చేతిలో ఏమీ లేనప్పుడు పెట్టిన సంతకాల దగ్గరే ఉన్నాయి. అప్పుడు బేరమాడే బలం ఎక్కడిది? ఈ గొడవలో పోయినదేమిటో నాకు ఇప్పటికీ బాధే. ‘లిజన్ వితౌట్ ప్రెజుడిస్’ రెండో భాగం రాలేదు. దానికోసం చేసిన పాటల్లో మూడు 1992లో ఎయిడ్స్ సహాయ ఆల్బమ్‌కు ఇచ్చేశాడు. తర్వాత 1996లో ‘ఓల్డర్’ వచ్చేదాకా కొత్త ఆల్బమ్ లేదు. మంచి ఫామ్‌లో ఉన్న గాయకుడికి ఐదారేళ్లు!

గోదారమ్మాయి:
మీరిద్దరూ మగవాడి స్వేచ్ఛ గురించే మాట్లాడుతున్నారు. తన అందాన్ని అమ్మొద్దన్నాడు కదా, మరి ఆ ఐదుగురు ఆడవాళ్లవి అందాలు కావా? వాళ్ల పెదవుల మీద అతని గొంతు. పాట నాకు చాలా ఇష్టం. అయినా వీడియో చూసినప్పుడల్లా ఇది గుచ్చుకుంటుంది.

వేణునాదం:
మీరన్నది న్యాయమైన మాటే అండీ. దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. వాళ్లు అప్పటికే పేరు మోసిన మోడల్స్, ఈ వీడియో వాళ్ల పేరునీ పెంచింది. కానీ మీ ప్రశ్నకు అది సరిపోదు.

నల్లకోటు:
ఇంకో సంగతి. 1995లో వర్జిన్, డ్రీమ్‌వర్క్స్ అనే వేరే రికార్డు కంపెనీలు డబ్బు కట్టి అతన్ని సోనీ నుంచి బయటికి తెచ్చాయి. ఒక కంపెనీ వదిలితే ఇంకో కంపెనీ. 2004లో ‘పేషెన్స్’ ఆల్బమ్ మళ్లీ సోనీలోనే!

వేణునాదం:
వెళ్లాడు. తానుగా వెళ్లాడు. 1990లో లేనిది ఆ వీలే కదా. పాట కంపెనీదా కాదా అన్నదానికన్నా, ఎవరితో పనిచేయాలో ఎంచుకునే చేయి ఎవరిది అన్నదే నాకు లెక్క.

రాగమాలిక:
ముఖం విషయంలో మీ మాట ఒప్పుకుంటాను వేణునాదం గారూ. కాంట్రాక్ట్ విషయంలో మాత్రం నేను నల్లకోటు గారి వైపే. గోదారమ్మాయి గారి ప్రశ్న మీద ఇంకెవరైనా రాస్తే చదవాలని ఉంది.