లీడ్స్‌లో మొదటి చలికాలం, బాయిలర్ ఎంత మీద పెట్టాలి?

అందరికీ నమస్కారం. ఈమధ్యే ఇంగ్లండ్‌లోని లీడ్స్‌కి వచ్చాం. అద్దె ఇల్లు, నీళ్లు కాచి గదుల్లోని రేడియేటర్లకి పంపి ఇల్లు వెచ్చబరిచే గ్యాస్ బాయిలర్. దాని మీద రేడియేటర్ బొమ్మ దగ్గర 75 అని ఉంది. బిల్లు చూస్తే టెన్షన్‌గా ఉంది. తగ్గిద్దామంటే ఏడాది పాప ఉంది, ఇల్లు వెచ్చబడదేమోనని భయం. ఎంత పెట్టాలో చెప్తారా?

జవాబు:
తమ్ముడూ, ముందు ఇంట్లో ఏ అల్మరాలోనైనా వేడినీళ్ల సిలిండర్ ఉందేమో చూడు. లేకపోతే నీది కాంబి బాయిలర్, అంటే కుళాయి తిప్పినప్పుడే నీళ్లు కాచి ఇచ్చే రకం. రేడియేటర్ సెట్టింగ్, అంటే రేడియేటర్లకి పంపే నీళ్ల వేడి, ధైర్యంగా 60 డిగ్రీలకి దించు. గది వేడిని అదుపు చేసే థర్మోస్టాట్ 20 మీద ఉంటే ఇల్లు 20కి వస్తుంది, కాకపోతే నిదానంగా. అందుకే హీటింగ్ కాస్త ముందే ఆన్ అయ్యేలా టైమర్ మార్చుకో. బాగా గడ్డకట్టే చలిలో చాలకపోతే కొన్నాళ్లు 65 చెయ్యి.

ఇప్పటి బాయిలర్లు చాలావరకు కండెన్సింగ్ రకం. గ్యాస్ మండితే పొగలో నీటి ఆవిరి ఉంటుంది. రేడియేటర్ల నుంచి బాయిలర్‌కి తిరిగి వచ్చే నీళ్లు సుమారు 55 డిగ్రీలలోపు ఉంటేనే ఆ ఆవిరి లోపలే నీరై, దాని వేడి మన ఇంటికి దక్కుతుంది. 75తో పంపితే ఆ వేడి చాలావరకు బయటికి పోతుంది.

కుళాయి బొమ్మ సెట్టింగ్ వేరు. పాప ఉంది కాబట్టి అది 50 దాటనివ్వకు. 60 డిగ్రీల నీళ్లు పడితే పసిపిల్లల చర్మం క్షణాల్లో కాలుతుంది. టబ్బులో ముందు చన్నీళ్లు, తర్వాతే వేడినీళ్లు.

సిలిండర్ ఉంటే మాత్రం ఈ లెక్క వద్దు. నిలవ నీళ్లు 60కి తగ్గకూడదు, గోరువెచ్చగా ఉంటే ఊపిరితిత్తుల జబ్బు తెచ్చే లెజియొనెల్లా బ్యాక్టీరియా పెరుగుతుంది.

జవాబు:
అక్క చెప్పింది కరెక్ట్. పైపుల సంగతి కూడా చూసుకోండి. లాఫ్ట్ (పైకప్పు కింది అటక), గరాజ్ లాంటి వేడి లేని చోట్ల వెళ్లే పైపులకి ఫోమ్ తొడుగు ఉండాలి, చన్నీళ్ల పైపులకి కూడా. సాధారణంగా అవి 15 లేదా 22 మిల్లీమీటర్లవి, కొలిచి కొనండి. తొడుగుకి పొడుగునా చీలిక ఉంటుంది, తొడిగి టేపు వేయడమే. మలుపుల దగ్గర ఏటవాలుగా కోసి సందు లేకుండా కలపాలి. చాలామంది అక్కడే వదిలేస్తారు. గదిలో కనిపించే రేడియేటర్ పైపుకి అక్కర్లేదు, ఆ వేడి గదికే వస్తుంది.

బాయిలర్ నుంచి గోడ బయటికి వెళ్లే సన్నటి ప్లాస్టిక్ పైపుని మర్చిపోవద్దు. ఆవిరి నీరై పోయేది అందులోంచే. అది గడ్డకడితే బాయిలర్ ఆగిపోతుంది. గోరువెచ్చని నీళ్లు పోసి కరిగించి రీసెట్ నొక్కండి, మరిగే నీళ్లు పోయొద్దు. తొడుగు వేయించమని ఓనర్‌కి ఇప్పుడే మెయిల్ పెట్టండి. బాయిలర్ మూత తీసే పని మాత్రం గ్యాస్ పనులకి అర్హత ఉన్నవాళ్ల జాబితా అయిన గ్యాస్ సేఫ్ రిజిస్టర్‌లో ఉన్న ఇంజనీరే చేయాలి.

అక్కా, అన్నా, థాంక్స్. కాంబినే, 60కి దించాను. సంక్రాంతికి ఊరెళ్తే హీటింగ్ కట్టేయొచ్చా?

జవాబు:
వద్దు తమ్ముడూ. థర్మోస్టాట్ 12 దగ్గర ఉంచి వెళ్లు. లాఫ్ట్ మూత కాస్త తెరిచి పెడితే ఇంటి వేడి పైపుల దాకా వెళ్తుంది. ఇంటికి వచ్చే నీళ్లు కట్టేసే స్టాప్‌కాక్ మామూలుగా వంటగది సింకు కింద ఉంటుంది. వెళ్లేలోపు ఒకసారి తిప్పి చూడు, బిగుసుకుపోయి ఉంటే ఓనర్‌కి చెప్పి బాగుచేయించు.