ర్యాన్‌మోర్ చర్చికి నాన్నగారిని తీసుకెళ్ళొచ్చా?

నాన్నగారు ఆర్మీలో చేసి రిటైరయ్యారు, మాది తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం. నెల రోజులుగా లండన్‌లో మా ఇంట్లో ఉన్నారు. కోటలు, మ్యూజియాలు చూపిస్తే "బాగుందిరా" అని ఊరుకున్నారు. లండన్‌కి దక్షిణాన డోర్కింగ్ అనే ఊరి పైన, ర్యాన్‌మోర్ కొండమీద ఉన్న సెయింట్ బార్నబాస్ చర్చిలో సైనికుల స్మారకం ఉందని విన్నాను. ఎవరైనా వెళ్ళారా? ఆయనకి మోకాళ్ళ నొప్పి, అదే నా టెన్షన్.

జవాబు 1:
తప్పకుండా తీసుకెళ్ళండి. రైలు దిగి నడిస్తే ఎక్కడం కష్టం, కారులో వెళ్ళండి, దగ్గర్లోనే కార్ పార్కు ఉంది. 1859లో జార్జ్ గిల్బర్ట్ స్కాట్ అనే ఆర్కిటెక్ట్ కట్టిన చర్చి అది. గోడలంతా గుండ్రటి చెకుముకి రాళ్ళే, చెయ్యి పెడితే గరుగ్గా, చల్లగా తగులుతాయి. లోపల చిన్న ప్రార్థన గది ఒకటి ఉంది. ఈ చర్చి కట్టించిన క్యూబిట్ కుటుంబంలో ముగ్గురు అన్నదమ్ములు హ్యారీ, అలిక్, విలియం 1916, 1917, 1918లో వరసగా ఏడాదికొకరు యుద్ధంలో పోయారు. ఆ గది వాళ్ళకోసమే. పెద్ద కొడుకు పోయాక రెండోవాడు, తర్వాత మూడోవాడు... ఆ తల్లి ఎలా తట్టుకుందో!

జవాబు 2:
తర్వాతి తమ్ముడు రోలండ్ బతికాడండీ. ఇప్పటి రాణి కమిల్లాకి ఆయన తాతగారు, అమ్మ తండ్రి.

అడిగినవారు:
నిన్న వెళ్ళొచ్చాం. నాన్నగారు టోపీ తీసి చాలాసేపు నిలబడ్డారు. బయటికొచ్చాక, "మనూళ్ళో స్తంభం దగ్గర కూడా ఇలాగే ఉంటుందిరా" అన్నారు. మా ఊరినుంచీ సైనికులు మొదటి ప్రపంచ యుద్ధానికి వెళ్ళారు మరి, ఆ స్తంభం వాళ్ళ స్మారకమే.