ఏపీ ఓటరు నాడిని శాస్త్రీయంగా పరిశోధించే ప్రొఫెసర్లు ఎవరు?

అందరికీ నమస్కారం. నేను ఎంఏ పొలిటికల్ సైన్స్ చదువుతున్నాను. ప్రాజెక్టుకు ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ ఎన్నికలు తీసుకున్నాను. 2019లో తెలుగుదేశానికి సుమారు 39 శాతం ఓట్లొస్తే దక్కినవి 23 సీట్లు. 2024లో వైఎస్సార్‌సీపీకీ దాదాపు అంతే శాతం వచ్చింది, సీట్లు మాత్రం 11. ఈ ఫలితాల్లో పార్టీల పొత్తు వల్ల ఎంత, ఓటరు మనసు మారడం వల్ల ఎంత అన్నది విడదీసి చెప్పగలవాళ్లు కావాలి. టీవీ చర్చల్లో కూర్చునే విశ్లేషకులు కాదు, సర్వే పద్ధతి తెలిసి, ఊళ్లలో తిరిగి జనంతో మాట్లాడిన పరిశోధకులు.

ఢిల్లీలో సీఎస్‌డీఎస్ అనే పరిశోధన సంస్థ ఉంది కదా, అందులోని లోక్‌నీతి విభాగం వాళ్లు పోలింగ్ తర్వాత చేసే సర్వేల గురించి తెలుసు. ఆ డేటా విద్యార్థులు అడిగితే ఇస్తారా? ఎవరికి, ఎలా రాయాలి? హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో గానీ, ఆంధ్రా, ఉస్మానియా యూనివర్సిటీల్లో గానీ ఈ అంశం మీద పనిచేసేవాళ్లు ఉంటే పేర్లు చెప్పండి. కులం, మహిళల ఓటు మీద తెలుగులో రాసినవాళ్లయితే మరీ మేలు. మా ఊరి పెద్దలకు కూడా చదివి వినిపించాలని నా కోరిక.

ముందు ఈమెయిల్ పంపాలా, గైడ్ గారి చేత ఉత్తరం రాయించాలా అన్నది అనుభవమున్న అన్నలు, అక్కలు దయచేసి చెప్పండి.