జీఆర్86కి వింటర్ టైర్లు: ఏ రకం, ఏ సైజు?

వెనక_చక్రం:

అందరికీ నమస్తే. కారు టయోటా జీఆర్86, మాన్యువల్ గేర్లు. కారుతో వచ్చిన 215/40 ఆర్18 మిషెలిన్ పైలట్ స్పోర్ట్ 4 టైర్ల మీదే ఉంది. బ్రేకులు మామూలువే, పెద్ద కాలిపర్ల (బ్రేక్ డిస్కుని నొక్కి పట్టే భాగాలు) ప్యాకేజీ కాదు. చలికాలమంతా రోజూ ఈ కారే తియ్యాలి, ఇంకో బండి లేదు.

దారి ఇలా ఉంటుంది. 40 కి.మీ. హైవే, ఉప్పు చల్లుతారు కాబట్టి ఎక్కువ రోజులు తడిగా ఉంటుంది తప్ప స్నో నిలవదు. ఆ తర్వాత 6 కి.మీ. మలుపుల కొండదారి, నీడపట్టున ఉంటుంది, అక్కడ స్నో బండ్ల కింద నలిగి గట్టిపడుతుంది. ఉష్ణోగ్రత +6 నుంచి −10 డిగ్రీల మధ్య.

స్పోర్టీ కార్ల కోసం అమ్మే పైలట్ ఆల్పిన్ 5 లాంటివి తీసుకోవాలా, ఎక్స్-ఐస్ స్నో లాంటి మెత్తటి రకమా? 18 అంగుళాల రిమ్‌ల మీదే వేయించాలా, చిన్న రిమ్‌లు కొనాలా? మూడు శిఖరాల గుర్తున్న ఆల్ సీజన్ టైర్లతో గడిచిపోతుందా? ఇంకోటి, బండిని తోసేవి వెనక చక్రాలే కదా, వెనక రెండూ మారిస్తే చాలదా?

రబ్బరు_గీతలు:

చివరి ప్రశ్నతో మొదలుపెడతాను, ప్రాణం మీదకి తెచ్చేది అదే కాబట్టి. వెనక రెండే మార్చడం వద్దు. అలా చేస్తే బండి కొండెక్కుతుంది, దిగదు. బ్రేక్ తొక్కగానే బరువంతా ముందుకు వస్తుంది, ఆపే పని ఎక్కువగా ముందు టైర్లదే. ఆ ముందు టైర్లు చలికి బిగుసుకుపోయిన సమ్మర్ రబ్బరు అయితే ఏబీఎస్ టకటకా కొట్టుకుంటూనే ఉంటుంది, స్టీరింగ్ ఎంత తిప్పినా కారు తిన్నగా పోతుంది. తిరగేసి ముందు రెండే మార్చినా మంచిది కాదు, మలుపులో తోక బయటికి వచ్చేస్తుంది. నాలుగూ మార్చాలి, నాలుగూ ఒకే మోడల్ ఉండాలి.

పైలట్ స్పోర్ట్ 4 మంచి టైరే, కానీ దాని రబ్బరు వేసవికి కలిపింది. సుమారు 7 డిగ్రీల కింద ఇలాంటి రబ్బరు గట్టిపడుతూ వస్తుంది. సున్నాకి దగ్గర్లోనో, అంతకన్నా కిందో నడిపితే, చివరికి గ్యారేజీలో అటూ ఇటూ జరిపినా, ట్రెడ్ బ్లాకులు (రోడ్డుని తాకే రబ్బరు దిమ్మలు) పగలవచ్చని టైర్ కంపెనీలే హెచ్చరిస్తాయి. కాబట్టి మొదటి గడ్డకట్టే ఉదయం దాకా ఆగకండి.

ఇక రకం సంగతి. వింటర్ టైర్లలో రెండు కుటుంబాలు ఉన్నాయి. ఒకటి ఆల్పైన్ రకం: పైలట్ ఆల్పిన్ 5, కాంటినెంటల్ వింటర్‌కాంటాక్ట్ వరస. వీటి స్పీడ్ రేటింగ్ (టైర్ తట్టుకునే గరిష్ఠ వేగాన్ని చెప్పే అక్షరం) ఎక్కువగా హెచ్, వీ, ఒక్కోసారి డబ్ల్యూ. తడి రోడ్డు మీద బాగా ఆగుతాయి, స్టీరింగ్‌కి వెంటనే పలుకుతాయి. రెండోది నార్డిక్ రకం: ఎక్స్-ఐస్ స్నో, బ్లిజాక్ డబ్ల్యూఎస్ 90, నోకియన్ హాక్కాపెలీట్టా ఆర్5. రబ్బరు ఇంకా మెత్తన, ట్రెడ్ బ్లాకుల మీద సన్నటి కోతలు చాలా ఎక్కువ. బ్లాకు మీద గోరుతో నొక్కి చూడండి, కోత పెదవుల్లా విచ్చుకుంటుంది. ఐస్ మీద పట్టు వచ్చేది అక్కడి నుంచే. పొడి రోడ్డు మీద అదే బలహీనత, స్టీరింగ్ తిప్పాక బ్లాకులు వంగి, ఆ తర్వాత గానీ కారు మళ్లదు. +6 డిగ్రీల తడిలో ఆగే దూరం కూడా ఆల్పైన్ కన్నా ఎక్కువే.

మీ కిలోమీటర్లు చూస్తే ఆల్పైన్ రకమే అనాలనిపిస్తుంది. నలిగి గట్టిపడిన స్నో మీద మంచి ఆల్పైన్ టైర్ చక్కగా పనిచేస్తుంది. అది వెనకబడేది ఐస్ మీద. కాబట్టి ఒక్క మాట చెప్పండి. ఆ కొండదారి సాయంత్రానికి ఎలా ఉంటుంది? తెల్లగా, మెరుపు లేకుండా, కాలితో తొక్కితే కిర్రుమనేలా ఉందా? లేక మధ్యాహ్నం కరిగి, రాత్రికి మళ్లీ గడ్డకట్టి, లైటు పడితే బూడిదరంగులో నిగనిగలాడుతుందా? ఈ రెండూ వేరే రోడ్లు.

ఆల్ సీజన్ గురించి: మీరన్న మూడు శిఖరాల గుర్తు, అంటే కొండ శిఖరాల మధ్య మంచు పువ్వు, ఉందంటే స్నో మీద పరీక్ష పాసైందని అర్థం. ఐస్ మీద ఆ పరీక్ష చెయ్యరు. ఉత్త ఎం+ఎస్ (మడ్, స్నో) అక్షరాలైతే ఆ పరీక్ష కూడా అక్కర్లేదు, అవి ట్రెడ్ ఆకారం గురించి మాత్రమే. యూరప్ లేబుల్ మీద 2021 మే నుంచి ఐస్ గ్రిప్‌కి వేరే బొమ్మ వచ్చింది, కొనేటప్పుడు దాన్ని వెతకండి.

కొలత_టేపు:

టైర్ రకం పైన చెప్పేశారు, నేను రిమ్‌ల లెక్క చెప్తాను.

మీ 215/40 ఆర్18లో 215 అంటే మి.మీ.లో వెడల్పు, సైడ్‌వాల్ (టైర్ పక్క గోడ) ఎత్తు అందులో 40 శాతం, అంటే 86 మి.మీ. రెండు వైపులా 172, దానికి 18 అంగుళాల 457.2 కలిపితే మొత్తం వ్యాసం 629.2 మి.మీ. దీనికి అటూ ఇటూ 2 శాతం లోపు ఉంటే స్పీడోమీటరుకీ, ఏబీఎస్‌కీ ఇబ్బంది రాదు. 215/45 ఆర్17 అయితే 625.3, అంటే 0.6 శాతం తక్కువ. 205/50 ఆర్17 అయితే 636.8, అంటే 1.2 శాతం ఎక్కువ. 205/55 ఆర్16 అయితే 631.9, తేడా 0.4 శాతమే.

18 అంగుళాలు ఉంచవద్దు. స్నో కింద గుంత కనిపించదు, 86 మి.మీ. సైడ్‌వాల్ ఆ దెబ్బకి రిమ్‌ని కాపాడలేదు. 205/55 ఆర్16 సైడ్‌వాల్ దాదాపు 113 మి.మీ. ఉంటుంది. పైగా ఈ సైజు లెక్కలేనన్ని మామూలు కార్లకి వస్తుంది, రెండు రకాల్లోనూ చాలా మోడళ్లు దొరుకుతాయి. వెడల్పు 10 మి.మీ. తగ్గడం కూడా లాభమే, సన్నటి టైర్ బురద మంచుని కోసుకుని కిందికి దిగుతుంది, వెడల్పుది దాని మీద తేలుతుంది. స్టీరింగ్ పదును తగ్గకూడదంటే 215/45 ఆర్17. రోజువారీ బండికి నా ఓటు 16కే, కానీ ముందు కాలిపర్ దగ్గర కొలవాలి. 16 అంగుళాలని రాసున్న ప్రతి రిమ్ లోపలి ఆకారం ఒకటి కాదు. ఒట్టి రిమ్‌ని ముందు హబ్‌కి (కారు మీద చక్రం బిగించే భాగం) బిగించి చేత్తో తిప్పండి. కాలిపర్‌కీ రిమ్ లోపలికీ, కాలిపర్‌కీ రిమ్ కడ్డీలకీ మధ్య కనీసం 3 మి.మీ. సందు ఉండాలి. టైర్ ఎక్కించాక తెలిస్తే దుకాణంవాళ్లు వెనక్కి తీసుకోరు.

మిగతా కొలతలు: 5×100 పీసీడీ (అయిదు నట్ల రంధ్రాలు 100 మి.మీ. వ్యాసం వలయం మీద), మధ్య రంధ్రం 56.1 మి.మీ., నట్లు ఎం12×1.25. ఇప్పటి రిమ్ 7.5 అంగుళాల వెడల్పు, ఆఫ్‌సెట్ (రిమ్ నడిమి గీత నుంచి హబ్‌కి ఆనే ముఖం ఎంత దూరమో మి.మీ.లో) 48. 16కి 6.5 లేదా 7 అంగుళాల వెడల్పు, ఆఫ్‌సెట్ 48 దగ్గర్లో చూడండి. బయటి కంపెనీ రిమ్‌లకి మధ్య రంధ్రం పెద్దగా ఉంటుంది, దానికి 56.1 లోపలి కొలతతో హబ్ రింగులు వెయ్యాలి. ప్లాస్టిక్‌వి తీసుకోండి. అల్యూమినియం రింగ్ ఉప్పు నీళ్లకి హబ్‌ని పట్టేస్తుంది, వసంతంలో సుత్తి లేకుండా చక్రం రాదు. నట్టు ఆనే చోటు కోన్ ఆకారమా, బంతి ఆకారమా అన్నది కూడా రిమ్‌తో సరిపోవాలి. సరిపోకపోతే బిగించినట్టే అనిపిస్తుంది, తర్వాత వదులవుతుంది.

లోడ్ ఇండెక్స్ (ఒక్కో టైర్ మోయగల బరువు అంకె) మీ పాతది 85, అంటే 515 కిలోలు. 205/55 ఆర్16లో మామూలుగా 91 వస్తుంది, అంటే 615 కిలోలు, చాలు. స్పీడ్ రేటింగ్ టీ అయితే 190, హెచ్ అయితే 210 కి.మీ. కారు గరిష్ఠ వేగం అంతకన్నా ఎక్కువే, కాబట్టి టైర్ హద్దు రాసిన స్టిక్కర్ డ్రైవర్‌కి కనిపించేలా అంటించండి.

వెనక_చక్రం:

ఇద్దరికీ చాలా థ్యాంక్స్. నాలుగూ మారుస్తాను, 16కే వెళ్తాను. కొండదారి మీద మీరు అడిగింది సరిగ్గా రెండోదే. మధ్యాహ్నం ఎండకి కరిగి నీళ్లు రోడ్డుకి అడ్డంగా పారతాయి, చీకటి పడేసరికి నిగనిగలాడుతుంది. ఇంటికొచ్చేటప్పుడు అదంతా దిగుడే.

రబ్బరు_గీతలు:

అయితే నా మాట మార్చుకుంటున్నాను. నార్డిక్ రకమే తీసుకోండి, వాటిలో హెచ్ రేటింగ్ దొరికితే అదే ఏరుకోండి.

కారణం చెప్తాను. ఐస్ అన్నిటికన్నా జారేది సున్నా దగ్గర. −15లో ఐస్ పొడిగా ఉంటుంది, కొంత పట్టు ఇస్తుంది. సున్నా దగ్గర దాని మీద కంటికి కనపడని నీటి పొర ఉంటుంది, టైర్ ఆ పొర మీద తేలుతుంది. ఆ సన్నటి కోతలు చేసే పని ఆ నీటిని లాగేసి, అంచులతో ఐస్‌ని గీరడం. కరిగి గడ్డకట్టే మీ రోడ్డు ఎప్పుడూ ఆ చెడ్డ ఉష్ణోగ్రత దగ్గరే ఉంటుంది. హైవే మీద నార్డిక్ టైర్ నష్టాన్ని ముందు బండికి ఇంకాస్త దూరం వదిలి పూడ్చుకోవచ్చు. దిగుడు మలుపులో అదనపు దూరం ఎక్కడి నుంచీ రాదు.

ఒక్కటి మాత్రం టైర్ చేతిలో లేదు. ఐస్ మీద దిగుతూ గేరు తగ్గించి క్లచ్ ఒక్కసారిగా వదిలితే ఇంజన్ బ్రేక్ వెనక చక్రాల మీదే పడుతుంది, హ్యాండ్‌బ్రేక్ లాగినట్టు తోక పక్కకి వెళ్తుంది. మలుపుకి ముందే, తిన్నగా ఉన్నప్పుడే రెండో గేరులోకి వచ్చి, ఇంజన్ వేగం సరిపెట్టి, క్లచ్ మెల్లగా వదలండి. స్నోలో కూరుకుపోతే ట్రాక్షన్ కంట్రోల్ ఒక్కటే ఆపి బయటికి రండి, కదిలాక మళ్లీ పెట్టండి. స్టెబిలిటీ కంట్రోల్ జోలికి పోవద్దు.

హబ్_పక్కన:

బిగించే దగ్గర జరిగే తప్పులు చెప్తాను, చక్రాలు ఇంట్లో మార్చుకునేవాళ్లు వీటినే చూడరు.

పాత చక్రం తీశాక హబ్ ముఖం మీద తుప్పుని వైర్ బ్రష్‌తో మెరిసేదాకా రుద్దండి. మధ్యలో పొడుచుకొచ్చిన అంచుకి మాత్రమే పలచగా గ్రీజు రాయండి. స్టడ్ల (నట్లు ఎక్కే బోల్టులు) మరలకి గ్రీజు రాయవద్దు. జారుడు మర మీద అదే టార్క్ (తిప్పే బలం) పెడితే స్టడ్ మీద లాగుడు బాగా ఎక్కువవుతుంది, సాగిపోతుంది. నట్లు నక్షత్రం వరసలో, ముందు 60, తర్వాత 120 న్యూటన్ మీటర్లు. 50 నుంచి 100 కి.మీ. నడిచాక టార్క్ రెంచ్‌తో మళ్లీ చూడండి. తుప్పు పొర నలిగితే నట్టు పట్టు తగ్గుతుంది.

టైర్ మీద తిరిగే దిక్కు బాణం ఉంటే దుకాణంలోనే చూసుకోండి. తిరగేసి వేస్తే ట్రెడ్ గాడులు నీళ్లని బయటికి తోయడం మానేసి లోపలికి లాగుతాయి. టైర్ పక్కన అచ్చువేసిన డాట్ కోడ్ చివరి నాలుగంకెలు కూడా చదవండి, 3524 అంటే 2024లో 35వ వారం తయారైంది. కొత్త టైర్ మీద అచ్చు నుంచి వచ్చిన జారుడు పూత ఉంటుంది, మొదటి 300 కి.మీ. పొడి రోడ్డు మీద నెమ్మదిగా తిప్పాకే కొండదారి మీద నమ్మండి. అందుకే మొదటి స్నోకి ముందే వేయించాలి.

గాలి: 10 డిగ్రీలకి దాదాపు 0.1 బార్, అంటే పీఎస్ఐ లెక్కలో ఒకటిన్నర పడిపోతుంది. 20 డిగ్రీల గ్యారేజీలో డోర్ స్టిక్కర్ ప్రకారం నింపి −10లో బయటికి తీస్తే దాదాపు 0.3 బార్ తక్కువతో నడుస్తారు. బయట, ఉదయం, కదలకముందు నింపండి. స్నో కోసమని గాలి తగ్గించడం పాత అలవాటు, ఈ టైర్లకి పనికిరాదు. కొత్త రిమ్‌లలో టీపీఎంఎస్ (టైర్ గాలి ఎంతుందో కారుకి చెప్పే) సెన్సర్లు పెట్టించి, వాటి నంబర్లు కారులో నమోదు చేయించండి, లేకపోతే చలికాలమంతా ఆ పసుపు లైటు వెలుగుతూనే ఉంటుంది, నిజంగా గాలి దిగినప్పుడు తెలియదు.

ఇంకొకటి. ఉదయం హైవే ఎక్కగానే స్టీరింగ్ వణికితే వెంటనే బేలెన్సింగ్‌కి పరిగెత్తకండి. రాత్రి రిమ్ లోపల బురద మంచు ఒక పక్కన గడ్డకట్టి ఉంటుంది. చేత్తో తడిమి, చెక్కతోనో ప్లాస్టిక్ గరిటెతోనో రాల్చేయండి. అప్పటికీ వణుకు పోకపోతే హబ్ రింగ్ చూడండి.

వెనక_చక్రం:

రింగులు ప్లాస్టిక్‌వే ఆర్డర్ చెప్పాను. ఈ వింటర్ టైర్లు ఎప్పుడు తీసెయ్యాలి, ఎంత అరిగితే మార్చాలి?

హబ్_పక్కన:

వరసగా ఉదయాలు 7 డిగ్రీలు దాటడం మొదలైతే తీసేయండి. 15, 20 డిగ్రీల్లో నార్డిక్ రబ్బరు కళ్ల ముందే అరిగిపోతుంది. కొత్తదాని గాడి లోతు 8 మి.మీ. పైన ఉంటుంది, 4కి వస్తే స్నో పట్టు పోయినట్టే, చాలా చోట్ల చట్టం 1.6 ఒప్పుకున్నా సరే. కొన్ని మోడళ్లలో మెత్తటి రబ్బరు పై పొరే, కింద గట్టిది ఉంటుంది. తీసేటప్పుడు ప్రతి చక్రం మీదా సుద్దతో ఏ మూలదో రాసి, గాలి నింపే ఉంచి, చీకటి చోట ఒకదాని మీద ఒకటి పడుకోబెట్టండి. వచ్చే చలికాలం ముందువీ వెనకవీ మార్చి వేయండి, తోసేవి వెనకవే కాబట్టి అవే ముందు అరుగుతాయి.